ఆఖరి పీరియడ్‌కి తోసేసిన చదువు

ఈ ఏడాది కొత్త సెమిస్టర్‌కి మా స్టాఫ్ రూంలో టైంటేబుల్ వేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పెద్ద చార్టు పరిచి ముందు మేజర్ పేపర్లన్నీ, అంటే పిల్లలు చేరిన అసలు సబ్జెక్టువి, ఉదయం గడుల్లో రాసేశారు, తర్వాత ల్యాబులు, తర్వాత ఇంగ్లీషు, అవన్నీ అయ్యాక ఇన్‌ఛార్జి సార్ పెన్సిల్ పక్కన పెట్టి "ఇంక మిగతావి" అన్నారు. మిగతావి అంటే ఈవీఎస్ అనే పర్యావరణం పేపరు, హ్యూమన్ వాల్యూస్, కామర్స్ పిల్లలకి ఒక సైన్స్ పేపరు, సైన్స్ పిల్లలకి ఒక సోషల్ పేపరు. ఎవరి వర్క్‌లోడ్‌లో రెండు గంటలు తక్కువున్నాయో చూసి వాళ్ళకి సర్దేయడమే, ఎవరికి ఏం వచ్చు అన్న లెక్కే లేదు. నాది కామర్స్, 21 ఏళ్ళుగా విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి అకౌంట్స్ చెప్తున్నాను. నాకు మళ్ళీ ఈవీఎస్ వచ్చింది, శుక్రవారం శనివారం ఆఖరి పీరియడ్, రెండు సెక్షన్లు కలిపి 110 మంది.

ఆరోజు నేనేం మాట్లాడలేదు. ఎప్పుడూ జరిగేదే కదా అనుకున్నాను.

ఆ వారంలోనే మా అక్క కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది, అక్కడ డిగ్రీలో చేరి ఏడాది కాలేదు. "పిన్నీ, నేను అకౌంటింగ్ చదువుదామని వచ్చాను, వీళ్ళేమో ఆస్ట్రానమీ తీసుకోవాలంటున్నారు, ఫిలాసఫీ ఒకటి తీసుకోవాలంట, ఒక్కో క్రెడిట్‌కి డాలర్లు కట్టి నాకెందుకు పిన్నీ నక్షత్రాల గోల" అని ఒకటే బాధ. ఆ మర్నాడే క్లాసులో మా కుర్రాడొకడు లేచి "మేడమ్, ఈ పేపర్ మార్కులు పర్సంటేజీలో కలుస్తాయా, కలవకపోతే పాసైపోతే చాలు కదా" అన్నాడు. ఒకళ్ళు అక్కడ, ఒకళ్ళు ఇక్కడ, ఇద్దరూ అడిగింది ఒకటే ప్రశ్న, నేను చదువుకోవాలనుకున్నది ఒకటుంటే నా మీద ఇంకోటి ఎందుకు రుద్దుతున్నారు అని. అది తప్పు ప్రశ్న కాదు. పెద్దవాళ్ళం సరిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్న, ఇద్దరికీ ఆరోజు నేను ఏదో సర్దిచెప్పి ఊరుకున్నాను కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

ఇలా మేజర్ కాని సబ్జెక్టులు కూడా చదివించడాన్ని అమెరికాలో జనరల్ ఎడ్యుకేషన్ అంటారు, పిల్లలు పొట్టిగా జెన్ ఎడ్ అంటారు. చాలా చోట్ల 120 క్రెడిట్ల డిగ్రీలో దాదాపు మూడో వంతు ఇదే ఉంటుంది, ఏ మేజర్ వాళ్ళైనా కొంత సైన్స్, కొంత చరిత్ర, కొంత సాహిత్యం, కాస్త లెక్కలు, రాయడం ఇవన్నీ చెయ్యాలి, చాలామంది రెండో ఏడు దాకా మేజర్ తేల్చుకోరు కూడా. మన దగ్గర డిగ్రీ చదువులకి నియమాలు పెట్టే యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన ఫ్రేంవర్క్ చూస్తే మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మల్టీడిసిప్లినరీ అని, మేజర్ కాని వేరే సబ్జెక్టుల కోసం పెట్టినవి 9, అంటే మూడు పేపర్లు. దానికి తోడు వాల్యూ యాడెడ్ అని, ఈవీఎస్ లాంటివి, 6 నుంచి 8 క్రెడిట్లు. అంతే. మా రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ వచ్చింది, అంతకుముందు బీఏ అంటే హిస్టరీ ఎకనామిక్స్ పాలిటిక్స్ అనో, బీఎస్సీ అంటే ఎంపీసీ అనో మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవాళ్ళు, ఇప్పుడు ఒకటే మేజరు, పక్కన ఒక మైనరు. వెడల్పు తగ్గింది కాబట్టి ఆ మూడు పేపర్ల మీద బరువు పెరిగింది. అలాంటి వాటినే మేం "మిగతావి" అంటున్నాం, నాకు బాధ అక్కడ.

అసలు ఈ పేపర్లు ఎందుకుండాలో చెప్పాలంటే డిగ్రీ దగ్గర మొదలుపెట్టకూడదు, పదో క్లాసు దగ్గర మొదలుపెట్టాలి. మన పిల్లలు పదిహేనేళ్ళకి ఇంటర్‌లో చేరతారు. ఎంపీసీ తీసుకుంటే ఆరోజుతో చరిత్ర ఆఖరు, సీఈసీ తీసుకుంటే ఆరోజుతో సైన్స్ ఆఖరు, బైపీసీ పిల్లలకి లెక్కలు ఆఖరు. ఎనిమిదో క్లాసు నుంచే ఫౌండేషన్ బ్యాచిలు పెట్టి సోషల్ పీరియడ్‌లో కూడా మేథ్స్ చెప్పే స్కూళ్ళు మనందరికీ తెలిసినవే, అక్కడైతే పదమూడేళ్ళకే ఆఖరు. ఆ వయసులో ఆ గ్రూపు ఎవరు ఎంచుకున్నారు? నాన్న, మావయ్య, పక్కింటి ఇంజనీరు అన్నయ్య. అలా తలుపు మూసుకుపోయిన పిల్లకి జీవితంలో ఆ తలుపు ఇంకొక్కసారి తెరుచుకునేది డిగ్రీలోనే. ఆ తర్వాత ఎవరూ పిలిచి చెప్పరు. ఈ పేపర్లు అదనపు చదువు కాదు, మధ్యలో లాగేసుకున్న చదువుని తిరిగిచ్చే ఆఖరి అవకాశం అని నేను అంటాను.

ఒక ఉదాహరణ చెప్తాను. 2020 మే 7 తెల్లవారుజామున మా ఊరి ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కంపెనీ ట్యాంకులోంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకయింది, 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, వైజాగ్‌లో ఉన్నవాళ్ళెవరూ ఆ పొద్దు మర్చిపోరు. ఆ చుట్టుపక్కల నుంచి వచ్చే పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు, అప్పుడు వాళ్ళు స్కూల్లో ఉన్నారు. నేను క్లాసులో ఒకసారి అడిగాను, ఆ ఆవిరి గాలి కన్నా బరువా తేలికా అని. తెలీదన్నారు. బరువు, అందుకే అది పైకి పోకుండా నేలనంటుకుని ఊరి మీదకి పాకింది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, అది తనలో తాను గొలుసుకట్టి గట్టిపడకుండా ఒక మందు కలపాలి, ఈ రెంటిలో తేడా వస్తే ట్యాంకు లోపలే వేడి పుట్టి, ఆ వేడికి ఇంకా వేగంగా గట్టిపడి, ఇంకా వేడెక్కి, చివరికి చెయ్యి దాటిపోతుంది. ఇదంతా చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, నేనూ ముందురోజు రాత్రి కెమిస్ట్రీ మేడమ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. బీకాం పిల్లలు 110 మంది ఒక్కరు కూడా ఫోన్ తియ్యలేదు. రేపు వీళ్ళలోనే ఎవరో అలాంటి కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, లాక్‌డౌన్‌లో చల్లబరిచే ఖర్చు ఎంత, మెయింటెనెన్స్ బిల్లు ఎంత, దాంట్లో ఏది తగ్గించచ్చు అని కాగితం మీద చూసేది వాళ్ళే కదా. ఆ అంకె వెనక ఏముందో తెలియని అకౌంటెంట్‌ని తయారుచేసి నేను నా మేజర్‌కి న్యాయం చేశానని ఎలా అనుకుంటాను?

ఈవీఎస్ పేపరు డిగ్రీలోకి ఎలా వచ్చిందో కూడా పిల్లలకి చెప్పరు. పర్యావరణం కోసం పోరాడిన లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబర్ 22న ఇచ్చిన తీర్పు దానికి మూలం, పర్యావరణం గురించి అన్ని స్థాయిల్లోనూ తప్పనిసరిగా చెప్పాలని చెప్పింది, తర్వాత మళ్ళీ కోర్టు గట్టిగా అడిగితే యూజీసీ డిగ్రీ వాళ్ళందరికీ ఆర్నెల్ల కోర్సు చేసింది. దేశంలో అత్యున్నత కోర్టు పట్టుబట్టి పెట్టించిన పేపరు మన దగ్గర 30 పేజీల పీడీఎఫ్ అయి వాట్సాప్ గ్రూపులో పరీక్ష ముందురోజు తిరుగుతోంది.

జనరల్ ఎడ్యుకేషన్ అనేది అమెరికా సరుకు, మనకెందుకు అనేవాళ్ళున్నారు. నిజమే, ఆ పేరుతో అది బలంగా పెరిగింది అక్కడే. మొదటి ప్రపంచ యుద్ధం అయిన వెంటనే 1919లో కొలంబియాలో పిల్లలందరికీ ఒకే కోర్సు పెట్టారు, 1945లో హార్వర్డ్ వాళ్ళు దీని మీద పెద్ద రిపోర్టే రాశారు. కానీ స్వతంత్రం వచ్చిన మర్నాటి నుంచే మనవాళ్ళూ దీని గురించి ఆలోచించారు. 1948లో వేసిన యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కమిషన్ 1949లో ఇచ్చిన రిపోర్టులో, మన ఇంటర్‌లో డిగ్రీలో ఇరుకైన చదువు మరీ ఎక్కువైపోయింది, ఆలస్యం చెయ్యకుండా జనరల్ ఎడ్యుకేషన్ తీసుకురండి అని సిఫారసు చేశారు. ఆ కమిషన్ అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్, సభ్యుల్లో జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా ఉన్నారు. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా ఇదే వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్, 1926లో పుట్టిన యూనివర్సిటీని మొదట్లో నిలబెట్టినవాళ్ళలో ఒకరు. మా పిల్లలు ఏటా సెప్టెంబర్ 5న ఆయన ఫోటోకి దండ వేస్తారు, ఆయన అడిగిన చదువు మాత్రం శనివారం ఆఖరి పీరియడ్‌కి పోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే, సి.వి. రామన్ చిన్నప్పుడు ఈ ఊళ్ళోనే చదువుకున్నారు, వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠం చెప్పారు. రామన్ 1904లో మద్రాసులో పాసైంది బీఏ, అందులో ఫిజిక్స్‌కీ ఇంగ్లీషుకీ రెండింటికీ బంగారు పతకాలొచ్చాయి. మన శ్రీశ్రీ డిగ్రీలో చదివింది జువాలజీ, 1935లో అదే ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశారు. రెండు పేపర్లు పెడితే రామన్‌లు పుట్టుకొస్తారని కాదు నేననేది. ఫిజిక్స్ మనిషికి ఇంగ్లీషెందుకు, కవికి కప్పల బొమ్మలెందుకు అని అప్పట్లో ఎవరూ గీత గియ్యలేదు, ఆ గీత తర్వాత మనం గీసుకున్నదే.

సరే, అవతలి వాదన కూడా పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే అది నా ఎదురుగా బెంచీ మీద కూర్చునే ఉంటుంది. మా పిల్లల్లో సగంమందికి పైగా సాయంత్రం ఎక్కడో ఒకచోట పని చేస్తారు. డాబాగార్డెన్స్‌లో బట్టల షాపు, జగదాంబ దగ్గర మొబైల్ షాపు, రాత్రుళ్ళు డెలివరీ. శనివారం ఆఖరి పీరియడ్‌లో నేను అటెండెన్స్ కోసం కూర్చోబెడితే వాడికి డ్యూటీ లేటు, లేటైతే ఆ రోజు జీతంలో కోత. ఆ గంటలో ద్వారకానగర్‌లో ట్యాలీయో పైథానో నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందన్న మాట అబద్ధం కాదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లకి ఒక్క గంట వృథా చేసే హక్కు నాకెవరిచ్చారు? ఈ ప్రశ్నకి విలువలు, వ్యక్తిత్వం, సంపూర్ణ వికాసం అని పెద్ద మాటలు చెప్తే నాకే సిగ్గుగా ఉంటుంది.

అందుకని వదిలెయ్యండి, ఇష్టమున్నవాళ్ళే తీసుకుంటారు అంటారు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ 1969లో అలాగే చేసింది, తప్పనిసరి జాబితా తీసేసి మీకు కావాల్సింది మీరే ఎంచుకోండి అంది, బాగానే నడుస్తోంది. కానీ అక్కడ చేరే పిల్ల ఎంతో వడపోతలో నెగ్గి వచ్చిన పిల్ల, ఏం అడగాలో తెలిసి వస్తుంది. ఎంచుకోవాలంటే ముందు అలాంటిది ఒకటుందని తెలియాలి కదా. ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్న పిల్లకి ఫిలాసఫీ కోర్సు లేకపోయినా భోజనాల దగ్గర నాన్న మాట్లాడతాడు, మ్యూజియంకి తీసుకెళ్తాడు, ఇంగ్లీషు పేపరు ఎడిటోరియల్ చదివిస్తాడు. నాన్న హార్బర్‌లో కళాసీ అయిన పిల్లకి ఆ మాటలు కాలేజీలోనే దొరకాలి, ఇంకెక్కడా దొరకవు. తప్పనిసరి అన్న మాట ఉన్నది ఆ పిల్ల కోసం. ఐఐటీల్లో బీటెక్ పిల్లలకి కూడా హ్యుమానిటీస్ కోర్సులు తప్పనిసరి, అవి తీసేసి ఆ టైంలో ఇంకో కోడింగ్ పేపరు పెట్టండి అని అక్కడ పెద్దగా ఎవరూ అనరు. మన మామూలు డిగ్రీ కాలేజీ దగ్గరకొచ్చేసరికే వీళ్ళకెందుకివన్నీ, ఏదో ఒక స్కిల్ నేర్పి పంపించేద్దాం అంటాం. ఆ "వీళ్ళకెందుకు" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాగని ఇప్పుడున్నది ఉన్నట్టు నడవాలని నేననట్లేదు. ఇప్పుడు నడుస్తున్నది చదువు కాదు. సబ్జెక్టు తెలియని మనిషికి అప్పగిస్తారు, కంబైన్డ్ క్లాసు, వెనక బెంచీకి గొంతు వినపడదు, పరీక్షలో పోయినేడాది ప్రశ్నలే తిరగేసి వస్తాయి, పేపర్లు దిద్దేవాళ్ళు పేజీలు లెక్కపెట్టి మార్కులేస్తారు. నేనూ మొదటి మూడేళ్ళు అలాగే చెప్పాను, గైడ్ పట్టుకుని "పర్యావరణం నిర్వచనం రాసుకోండి" అని. ఆ మూడు బ్యాచిల పిల్లలకి నేను బాకీ ఉన్నాను. పిల్లలు ఈ పేపర్లని తేలిగ్గా చూస్తారు అని మేం స్టాఫ్ రూంలో చెప్పుకుంటాం, ముందు తేలిగ్గా చూసింది ఎవరు?

మార్పు నాకు అనుకోకుండానే వచ్చింది. నాలుగో ఏడాది అసైన్‌మెంట్‌కి గైడ్‌లో ప్రశ్నలు ఇవ్వకుండా, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని అడిగి మీ ఊరు ఎలా మారిందో రెండు పేజీలు రాసుకురండి, తెలుగులోనైనా సరే అన్నాను. తెలుగులోనైనా సరే అన్నమాట ఎంత పనిచేసిందో చెప్పలేను, 2021 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే కదా, పిల్లలు చాలామంది లోపల ఉన్నది బయటికి రాక మూగబోయి ఉంటారు. గాజువాక వైపు నుంచి వచ్చే కుర్రాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, తొమ్మిది పేజీలు రాసుకొచ్చాడు. వాళ్ళ తాతది స్టీల్ ప్లాంటు కింద పోయిన ఊరు. ప్లాంటు కోసం 60కి పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి, నిర్వాసితులకి ఆర్ కార్డులిచ్చారు, ఉద్యోగం వస్తుందని. వాళ్ళ తాత ఆ కార్డు ట్రంకుపెట్టెలో దాచుకుని ఎదురుచూసి ఎదురుచూసి పోయాడంట, వాళ్ళ నాన్న అదే ప్లాంటులో కాంట్రాక్టు లేబరు. ఊళ్ళో చెరువు ఎక్కడుండేదో, తాటితోపు ఎక్కడుండేదో, ఇప్పుడు దాని మీద ఏ షెడ్డు ఉందో వాళ్ళ మామ్మ చెప్తే బొమ్మ గీసుకొచ్చాడు. 1966 ఉద్యమంలో కాల్పుల్లో 32 మంది చనిపోయారని, ఆ ప్లాంటు కోసం ఒక పక్క ప్రాణాలిచ్చినవాళ్ళు, ఇంకో పక్క ఊళ్ళిచ్చినవాళ్ళు ఉన్నారని వాడు రాసిన వాక్యం నేను పాతికసార్లు చదివాను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని చిన్నప్పటి నుంచి గోడల మీద చూస్తూ పెరిగినదాన్ని, ఆ రెండో పక్క సంగతి నాకు అంత దగ్గరగా తెలిసింది ఆ కుర్రాడి కాగితాల్లోనే.

అదే క్లాసులో పెదజాలరిపేట అమ్మాయి చేపల పేర్లు రాసింది, వంజరం, చందువ, కానాగంతలు, ఏవి ఏ నెలల్లో దండిగా పడేవో, ఇప్పుడు ఎంత లోపలికి వెళ్తే పడుతున్నాయో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎందుకో అప్పటిదాకా తనకి తెలీదు, ఆ రెండు నెలలూ ఇంట్లో గొడవలు మాత్రమే తెలుసు. గుడ్లు పెట్టే కాలమని చెప్తే "మరి పెద్ద బోట్లు మిగతా రోజుల్లో చిన్న చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తాయి కదా మేడమ్, దానికి నిషేధం లేదా" అంది. జీవవైవిధ్యం, వనరుల పంపిణీ, ఉమ్మడి ఆస్తి అని సిలబస్‌లో మూడు వేర్వేరు యూనిట్లలో ఉన్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ అమ్మాయి తర్వాత బీకాం పాసై కోఆపరేటివ్ ఆడిటింగ్ వైపు వెళ్ళింది.

మా అక్క కూతురికి మొన్న మళ్ళీ ఫోన్ చేశాను. నక్షత్రాల సంగతి ఏమైందే అంటే, మీ వైజాగ్‌లో సముద్రం ఆటుపోట్లు ఏ వేళకొస్తాయో చెప్పగలను పిన్నీ ఇప్పుడు, చంద్రుడి లెక్క అంది. ఇంకా విసుగు పోలేదు, డబ్బుల మాట మళ్ళీ ఎత్తింది, దానిలో న్యాయం ఉంది కూడా. అప్పుచేసి చదివే పిల్లతో కట్టించేటప్పుడు ప్రతి కోర్సూ ఆ డబ్బుకి తగ్గట్టు ఉండాలి.

నేను కోరేది పెద్దదేం కాదు. పేపర్లు పెంచొద్దు, మూడే ఉంచండి, కానీ కాలేజీలో అందరికన్నా బాగా చెప్పేవాళ్ళకి అవి ఇవ్వండి, కొత్తగా చేరినవాళ్ళకీ ఖాళీగా ఉన్నవాళ్ళకీ కాదు. అరవైమందికి మించి కూర్చోబెట్టొద్దు. సైన్స్ పిల్లలని తొట్లకొండ ఎక్కించి అక్కడే బౌద్ధం చెప్పండి, నేవీ వాళ్ళ సర్వేలో బయటపడిన ఆ ఆరామం మన బీచ్ రోడ్డు మీదే ఉంది, 900కె బస్సెక్కితే దాని కింద నుంచే పోతుంది. ఆర్ట్స్ పిల్లలని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళి ఆ ఇసుక ఎలా పోగుపడిందో జియాలజీ మనిషితో చెప్పించండి. పరీక్షలో గైడ్‌లో దొరకని ప్రశ్న ఒక్కటైనా అడగండి.

టైంటేబుల్ అంటించిన మూడో రోజు నేను ఇన్‌ఛార్జి సార్ దగ్గరికి వెళ్ళాను. నా కాస్ట్ అకౌంటింగ్ మంగళవారం మొదటి పీరియడ్ ఉంది, దాన్ని శనివారం ఆఖరికి మార్చి ఈవీఎస్‌ని మంగళవారం పొద్దున్నకి తెమ్మన్నాను. "మేజర్ పేపర్‌ని ఆఖరికి పెడితే పిల్లలు ఊరుకుంటారా మేడమ్" అన్నారు. నేను చెప్పుకుంటాను సార్ అన్నాను. శనివారం డ్యూటీలున్న పిల్లలకి కాస్ట్ అకౌంటింగ్ మంగళవారం లంచ్‌లో ఇంకోసారి చెప్తానని మాటిచ్చాను.

మొదటి మంగళవారం 97 మంది వచ్చారు. మీ ఇంట్లో కుళాయి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అని అడిగాను. "జీవీఎంసీ, మేడమ్" అన్నారు, మా నగర కార్పొరేషన్ అన్నమాట. బోర్డు మీద తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, ఏలేరు కాలువ అని రాసి, మీ వీధికి వచ్చేది వీటిల్లో ఏదో వచ్చే మంగళవారానికి కనుక్కురండి, మీ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే ఆయన్ని అడగండి, ఆయనకి తెలుస్తుంది అన్నాను.